నిమ్మకాయ కట్టిన చక్రం

పెరంబూరు రైలు వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మా మామగారికి ఏ బండి కనబడినా దిష్టికి నిమ్మకాయ కట్టడం అలవాటు. మనవరాలి కొత్త సైకిల్‌కి ముందు చక్రం పక్కనే ఇనుపతీగతో కట్టారు. సైకిల్ పోటీ రోజు పొద్దున్నే ఆ తీగ బ్రేకులో చిక్కుకుని, బ్రేకు పట్టుకునే ఇనుప బిళ్ల, అదే డిస్కు, వంగిపోయింది. అమ్మాయి ఏడుపు అందుకుంది.

"చూశారా మీ మూఢనమ్మకం!" అన్నాను.

"తిట్టేది తర్వాత పెట్టుకో అల్లుడా, ముందు చక్రం తిప్పు," అన్నారాయన. డిస్కు రాసుకునే చోట సుద్దముక్కతో గీసి, స్పానర్‌తో పట్టి నెమ్మదిగా వంచారు. "లేసుగా వంచాల. కోపంగా వంచితే ఆ పక్కకి పోతాది."

చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆయన మళ్లీ నిమ్మకాయ తీసి, ఈసారి నూలుదారంతో హ్యాండిల్‌కి కట్టబోయారు. తీగ పోయి దారం రావడం, నేను ఎన్నేళ్లు వాదించినా ఆయనలో రాని సంస్కరణ. ముడి వేస్తుంటే దారం కొస నేనే పట్టుకున్నాను.