ఇంటిపేరు చెప్పని మనిషి బయానా

బయ్యారం దగ్గరి తండాలో సక్రిని అందరూ మేస్త్రమ్మ అంటారు. ఏటా మిరపకాయలు ఏరే కాలానికి తండా ఆడవాళ్లను ఖమ్మం వైపు తోటలకు తీసుకుపోయేది ఆమే. ముందుగా రైతు తండాకు వచ్చి కూలీల చేతుల్లో బయానా పెడతాడు. బయానా పట్టిన చెయ్యి మాట తప్పకూడదు. వద్దనుకుంటే దారి ఒక్కటే: తండా పెద్ద అయిన నాయక్ ముందు, ఇచ్చినవాడి చేతికే తిరిగి ఇవ్వాలి. బయానా తిని పండుకున్నారన్న పేరు వస్తే ఆ ఇంటిని మళ్లీ ఎవరూ పనికి పిలవరు. మక్క కంకులు ఒలుస్తూ సక్రి నాకు మొదట చెప్పింది ఈ సంగతే. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదంది.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు. సక్రి కోడలు మంజుల ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. జీతం ఆగిపోయింది. ఇట్లాగే ఉంటే అత్త వెంట మిరప తోటకు పోవాల్సి వస్తుందని ఆమె దిగులు. అప్పుడు వచ్చాడు చంద్రమౌళి. బండికి జై తెలంగాణ స్టిక్కరు, మెడలో కండువా. పట్నంలో లంబాడీ కుట్టుకు మస్తు గిరాకీ ఉందనీ, అద్దాలూ పూసలూ ఇంటికే తెచ్చిస్తాననీ, మన పని మన చేతుల్లోకే వస్తుందనీ చెప్పి, ఆడవాళ్ల చేతుల్లో తలా ఒక నోటు బయానా పెట్టి పోయాడు.

చేను నుంచి వచ్చిన సక్రికి ఒక్కటే గుచ్చుకుంది. మిరప రైతు కూడా పోయినేడు ఎవరి తోటలో ఏరారని అడిగి గానీ బయానా ఇవ్వడు. ఇతను ఒక్కరి కుట్టూ చూడలేదు. మంజులకైతే గుండీ కుట్టడమే అంతంతమాత్రం.

మళ్లీ వచ్చినప్పుడు చంద్రమౌళి నోరు కుట్టేసిన సంచీ తెచ్చాడు. విప్పలేదు. ముందు వెండి కడియాలు తన దగ్గర పెట్టాలన్నాడు.

"సామాను ఖరీదుది అవ్వా. ఊకెనే ఇడిసిపోతే కంపెనీ ఒప్పది. కుట్టి ఇచ్చిన్నాడు మీ కడియాలు మీరు తీస్కోండ్రి."

బయానా పట్టిన ఆడవాళ్లు కాదనలేకపోయారు. మంజుల అప్పటికే కూర్చుని కాలి కడియం వదులు చేస్తోంది. అవి సక్రి తల్లివి. కరువులో కూడా అమ్మకుండా దాచి కోడలికి తొడిగినవి. సక్రి వంగి కడియం మీద చెయ్యి వేసింది.

"బయానా ఇచ్చెటోడు తాకట్టు అడుగుడు నేనెన్నడు సూడలె. మాకీ పని వద్దు, నీ బయానా నువ్వు తీస్కో."

"ఉండనీ తియ్ అవ్వా."

"గట్ల కుదరది బిడ్డా. మా నాయక్ మంగ్యా చేన్లున్నడు, పొద్దుమీకి వస్తడు. కూసో, చాయ తాగు. ఆయన ముంగట నీ ఊరు, నీ ఇంటిపేరు చెప్పి తీస్కపో."

చంద్రమౌళి బాట వైపు చూశాడు. తన మనుషులు రైలు దిగుతారు, మానుకోట స్టేషనుకు పోవాలన్నాడు. గడపలో కూర్చున్న ముసలి సుక్కి నవ్వింది.

"ఏ రైలు సారూ? పట్టాల మీద మనోళ్లే కూసున్నరు గద."

అతను సంచీ ఎత్తుకుని పోయాడు. బయానా మాట ఎత్తలేదు.

మంజుల అత్తతో మాట్లాడటం మానేసింది. నోటికాడి పని చెడగొట్టిందని మిగతా ఆడవాళ్లూ గొణిగారు. ఆ మనిషి మంచివాడేమో, తానే తరిమానేమోనని సక్రికీ కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. తర్వాత బయ్యారం అంగడిలో వేరే తండా ఆడవాళ్లు ఎదురయ్యారు. స్టిక్కరు బండి మీద వచ్చినవాణ్ని ఎక్కడైనా చూశారా అని కనపడిన వాళ్లనల్లా అడుగుతున్నారు. వాళ్ల కాళ్లు బోసిగా ఉన్నాయి.

సక్రి ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పి ఊరుకుంది.  మంజుల చాయ పెట్టి అత్త చేతికిచ్చింది. బయానా నోట్లు మాత్రం మంగ్యా ఇంట్లో మూటగట్టే ఉన్నాయి. ఇచ్చినవాడి చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు మరి.

సమ్మె ముగిసినా ఆగిన జీతం రాలేదు. మిరప కాలానికి మంజుల కూడా బయలుదేరింది. ఏళ్ల తరబడి సక్రిని పిలుచుకుపోయే రైతే బయానాతో వచ్చాడు. మంజుల చెయ్యి చాపలేదు.

"మీ ఇంటిపేరేంది పటేలా?"

రైతు తెల్లబోయి సక్రి వైపు చూశాడు. సక్రి బట్టల మూట కట్టుకుంటూ తల ఎత్తకుండానే అంది:

"చెప్పు పటేలా. పిల్ల అడుగుతాంది."