ఊడిన గుండీ

పెద్ద టీచరుకు జ్వరం తగ్గింది గానీ, బడి గేటు దాటగానే ఒళ్ళు మళ్ళీ మండింది. కారణం అటెండరు. శుభవార్త మోసుకొచ్చినవాడిలా ఎదురొచ్చాడు.

"అమ్మా, మీరు లేనప్పుడు మన సైలెంటు నోరు విప్పిందండీ! చిన్న టీచరు గదిలో. అదీ ఇంగ్లీషులో!"

"ఏమందేమిటి?"

"నాకేం తెలుస్తుందండీ? పిల్లలంతా చప్పట్లు కొట్టారు. వరండాలోకి వినబడింది."

ఆ హైస్కూల్లో ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలకు రెండు గదులున్నాయి. ఒకటి పెద్ద టీచరుది, పక్కది నిరుడు చేరిన చిన్న టీచరుది. వేరే భాషల్లో చదువుకుని వచ్చినవాళ్ళు ముందు ఇక్కడ కూర్చుని, ఇంగ్లీషు పట్టుబడ్డాక మిగతా తరగతుల్లోకి వెళ్తారు. పిల్లలు 'సైలెంటు' అని పేరు పెట్టిన అమ్మాయి బడి తెరిచిన నాటినుంచీ పెద్ద టీచరు గదిలో ముందు బెంచీలోనే ఉంది. రాస్తుంది, చెప్పిన పని చేస్తుంది. పెదవి మాత్రం కదపదు. టీచరు సెలవు పెట్టినప్పుడు రెండు గదుల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టారు. కొంప మునిగింది అక్కడే.

పెద్ద టీచరుకు ఒక పనితనం ఉంది. ఎవరో నేర్పింది కాదు, ఏళ్ళ తరబడి తంటాలుపడి తానే పట్టుకున్నది. పిల్లలు వాక్యం చెబుతుంటే ఎడమ పిడికిలి ఎత్తి, ఒక్కో మాటకు ఒక్కో వేలు విప్పుతుంది. మాట తప్పిపోయిన చోట వేలు మడిచే ఉంచి ఆగుతుంది. తప్పు అనదు, ఒప్పు అందించదు. ఆ వేలి వంక చూసి, వెతుక్కుని, మాట వాళ్ళే తెచ్చుకోవాలి. ఎంత మొద్దు పిల్లలైనా ఆ వేళ్ళ దగ్గర దారికొచ్చారు. సైలెంటు ముందు మాత్రం పిడికిలి పిడికిలిగానే ఉండిపోయేది. అయినా ఆవిడ వదల్లేదు. రోజూ ఓపిగ్గా ఎత్తి నిలబడేది.

స్టాఫ్‌రూములో చిన్న టీచరు ఎదురొచ్చింది. "జ్వరం తగ్గిందా అక్కా? మీ పిల్ల మాట్లాడింది, విన్నారా?"

'మీ పిల్ల' అన్న మాట పుండు మీద కారంలా తగిలింది. "విన్నా. ఏం చేశావమ్మా?"

"ఏం చెయ్యలేదక్కా. నా చొక్కా చేతి గుండీ ఊడింది. సూదీ దారం ఎవరిదగ్గరైనా ఉన్నాయా అన్నా. వాళ్ళమ్మ దర్జీ కదా, ఈ పిల్ల తన సంచిలోంచి తీసిచ్చింది. నేను కుట్టుకుంటుంటే చూళ్ళేకపోయింది పాపం. 'నాట్ దేర్!' అని ఒక్క అరుపు. ఆ తర్వాత 'పుల్', 'అగైన్'. ఒకటే అదిలింపు!"

పెద్ద టీచరు పళ్ళు కనబడేలా నవ్వింది. తన ఇన్నాళ్ళ ఓపిక ఒకవైపు, ఊడిన గుండీ ఒకవైపు.

అంతలో హెడ్మాస్టరు పిలిపించాడు. "ఆ అమ్మాయిని పక్కగదికి మార్చమని తల్లి అడుగుతోందమ్మా. ఇన్నాళ్ళూ మీ చేతికింద ఉన్న పిల్ల. మీరు సరేనంటేనే మారుస్తా. సాయంత్రంలోగా చెప్పండి."

"ఒక్క గుండీతో చొక్కా అయిపోతుందా సార్? నా గదిలోనూ మాట్లాడుతుంది, చూడండి."

బయటికొచ్చి, బీరువా చాటుకెళ్ళి, కత్తెరతో తన చొక్కా చేతి గుండీ తానే కత్తిరించుకుంది. ఈ వయసులో ఇదేం బుద్ధి అనిపించకపోలేదు. అయినా కత్తిరించింది.

తరగతిలో ఆ గుండీ సైలెంటుకు చూపించి, "ఎలా కుట్టాలో చెప్పమ్మా" అని ఇంగ్లీషులో అడిగి, తనే సూది పట్టుకుంది. కావాలని గుండీని పక్కకు జరిపి గుచ్చింది. సైలెంటు ఆవిడ మొహం వంక ఒకసారి చూసింది. చేతకానట్టు నటించడం దర్జీ కూతురి ముందు సాగుతుందా? మెల్లగా సూది తీసుకుని, చకచకా నాలుగు కుట్లు వేసి, దారం కొరికి, టీచరు చెయ్యి వదిలేసింది. ఒక్క మాట లేదు.

ఆవిడ అలవాటుకొద్దీ పిడికిలి ఎత్తింది. పిల్ల తల దించుకుంది. అప్పుడే కిటికీ అద్దంలో టీచరుకు తన బొమ్మ కనబడింది: కళ్ళద్దాలు, బిగించిన పెదాలు, తల దించుకున్న పిల్ల మీదికి ఎత్తిన పిడికిలి. బడి తెరిచిన నాటినుంచీ ఆ పిల్ల చూస్తున్నది దీన్నా! చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

మధ్యాహ్నం బెల్లు కాగానే సైలెంటు పక్కగదికి పరుగెత్తింది. పెద్ద టీచరు తలుపు పక్కన నిలబడి తొంగిచూసింది. చిన్న టీచరు ఈసారి సంచి పట్టీ కుడుతోంది, నిజంగానే రాక, వంకర టింకరగా. పిల్ల నెత్తి కొట్టుకుని, "యూ ఆర్ పుల్లింగ్ టూ మచ్, టీచర్" అంది. అలా అంటూ ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంది. వేళ్ళు చాలక చివరి మాటకు బొటనవేలు మళ్ళీ వాడుకుంది.

అవి తన వేళ్ళే. తను నేర్పినవే. తన గదిలో ఒక్కటీ విచ్చుకోలేదు, పరాయి గదిలో ఎలా విచ్చుకున్నాయో! లోపలికెళ్ళి "ఇది నాది" అని చెప్పాలని నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగించుకుని హెడ్మాస్టరు గదికి నడిచింది.

"మార్చెయ్యండి సార్."

"మనస్ఫూర్తిగానేనా అమ్మా?"

"ఎక్కడి మనస్ఫూర్తి సార్? కుళ్ళి చస్తున్నా. అయినా మార్చండి. పిల్ల మాట్లాడేది అక్కడ."

మర్నాడు ముందు బెంచీ ఖాళీ. పెద్ద టీచరు చెయ్యి ఎత్తింది, ఈసారి అరచెయ్యి విప్పి. మాట వచ్చినకొద్దీ వేలు మడిచింది. చేతికి కొత్త, రెండుసార్లు తడబడింది. పిల్లలు నవ్వారు, తనూ నవ్వేసింది.

అంతలో పక్కగదిలోంచి అంతకంటే పెద్ద నవ్వు. సైలెంటు గొంతే. చిన్న టీచరు కుట్టిన ఆ పట్టీ వారం తిరక్కుండా తెగిపోవాలని పెద్ద టీచరు మనసారా కోరుకుంది. కోరుకుంటూ, మళ్ళీ తొడుక్కొచ్చిన నిన్నటి చొక్కాకు సైలెంటు కుట్టిన చేతి గుండీ పట్టుకుని గట్టిగా లాగి చూసింది. ఊడలేదు.