మగ్గం గుంతలో కుండ

ధర్మవరంలో చిత్రావతి ఏటి పక్క వీధిలో ఉండే జయలక్ష్మమ్మ నోటికి జడవని మున్సిపాలిటీ మనిషి లేడు. ఏరు పారడం మానేసి మురుగు నిలిచినప్పటి నుంచి పొద్దు వాలకముందే దోమలు ఇళ్ల మీద పడేవి. ఆమె ఆడవాళ్లను వెంటేసుకుని ఆఫీసు ముందు బైఠాయించేది. "ఒక్క రాత్రి మా వీధిలో పండుకోండప్పా, తెలుస్తాది" అని అధికారి ముఖానే అనేది. ఆయన తలూపేవాడు. తలూపితే పోయేదేముంది?

ఆమె భర్త సుబ్బరాయుడు పెళ్లి పట్టుచీరలు నేసేవాడు. పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. గాలి పొడిబారితే పట్టుపోగు తెగుతుందని గుంత మూలన నీళ్లకుండ పెట్టడం ఆ వీధి నేతగాళ్ల అలవాటు. వెలితి పడినప్పుడల్లా జయలక్ష్మమ్మ మంచినీళ్లు పోసేది. కుండ ఒంపి కడగాలని ఎప్పుడూ తోచలేదు.

ఎట్టకేలకు మున్సిపాలిటీ నుంచి దోమల మందు కొట్టే దాసప్ప వచ్చాడు. వీధిలో పొగ పెట్టి, ఇళ్లలో నీళ్లు నిలిచాయేమో చూస్తానన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. మందు పొగలోని నూనె తగిలి మరక పడితే షావుకారు తీసుకోడు. ఆమె గడపకు అడ్డం నిలబడింది.

"దోమలు ఏట్లో ఉండాయి. ఆడికి పో. ఈడేముండాది?"

"పొగ పెట్టనులేమ్మా. ఊరికే చూసి పోతా."

"నా ఇంట్లో మురుగు యాడుంటాదప్పా?"

ఆమెను చూసి వీధంతా తలుపులు మూసుకుంది. దాసప్ప వెనుదిరిగాడు.

చీర మగ్గం దిగకముందే సుబ్బరాయుడికి జ్వరం వచ్చింది. మాత్ర మింగి నేస్తూనే ఉన్నాడు. డెంగీ అని తేలి అనంతపురం తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. మనిషి దక్కలేదు.

కర్మలయ్యాక దాసప్ప మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె అడ్డు చెప్పలేదు. అతను గుంతలో దిగి కుండ బయటికి తెచ్చాడు. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఈ జ్వరం తెచ్చే దోమ మురుగులో పెరగదమ్మా. మంచినీళ్లలోనే పెరుగుతాది" అని మెల్లగా చెప్పి, కుండ ఒంపేసి పోయాడు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లని సామెత. వినేవాళ్లకు నవ్వొస్తుంది. జయలక్ష్మమ్మకు రాలేదు. ఏటి పాపం ఏటికి ఉంది, కానీ కుండలో ఆ నీళ్లు పోసింది తన చేతులే.

మరునాడు పక్కింటి పద్మ సుబ్బరాయుడి ఫోటో పటం కట్టించి తెచ్చింది. "ఆఫీసు కాడికి రా అక్కా. బావను ఏరే సంపిందని చెప్పు. నీ నోటికే వాళ్లు భయపడేది."

నిజం చెబితే అధికారులు చేతులు దులుపుకుంటారు. వీధి తన ముఖాన ఉమ్మేస్తుంది. జయలక్ష్మమ్మ పటం ఒళ్లో పెట్టుకుని ఆఫీసు ముందు కూర్చుంది. ఏం జరిగిందని అధికారి అడిగాడు.

పద్మ ఇంటి మగ్గం గుంతలోనూ అలాంటి కుండే ఉందని ఆమెకు తెలుసు.

"ఏరే సంపింది సార్" అంది.