దక్షిణపు గోడ

నా చిన్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం, నడి చెరుకుతోటలో నా నుదురు గోడకు కొట్టుకుంది. రక్తం కంట్లోకి కారింది. తడిమితే నాచు పట్టిన చల్లటి ఇటుకలు చేతికి తగిలాయి. అంతవరకు ఎదుటి నుంచి వినిపిస్తున్న నా మేకపిల్ల అరుపు సరిగ్గా అప్పుడే ఆగిపోయింది.

మాది బోధన్ దగ్గరి పల్లె. నిజాంసాగర్ నీళ్లు పారినంత మేరా చెరుకే. బతుకమ్మ నాటికి మనిషిని మించి ఎదిగేది. గాలికి పడిపోకుండా గడలను వాటి ఆకులతోనే జడలా చుట్టి కట్టేవారు. అలా కట్టిన తోటలో వరుస వెంట ముందుకో వెనక్కో పోవాలి తప్ప పక్కకు తిరగడానికి సందు ఉండదు.

ఆ రోజు మేకపిల్ల అందులో దూరింది. నేను తెస్తానన్నాను. అవ్వ వద్దంది. గట్టు మీద కూర్చున్న పక్కింటి మిలిట్రీ తాత కూడా వద్దన్నాడు. తెల్లవాళ్ల పల్టన్‌లో చేరి చీనా దాకా పోయి వచ్చిన మనిషి ఆయన.

"గీ పోరి దక్షిణపు గోడకు గుద్దుకుంటెగాని మర్లదు" అన్నాడు అవ్వతో.

"గదేం గోడ తాతా?"

చీనాలో ఇళ్ల వాకిళ్లు దక్షిణానికి ఉంటాయట. లోపలికి చెడు చొరబడకుండా వాకిలి ఎదుట అడ్డంగా ఒక గోడ కడతారట. బయటికొచ్చినవాడు కుడికో ఎడమకో తిరగాలి. తిరగనని నేరుగా నడిస్తే తల పగులుతుంది. మొండివాళ్ల గురించి ఆ మాట అలా పుట్టిందని చెప్పాడు.

"మన చెరుకుల గోడ ఏడిది తాతా? చీనాకెల్లి మోసుకొచ్చినవా?" అని నవ్వి లోపలికి దూరాను.

లోపల పగలే మసకగా ఉంది. ఆకులు చెంపలు కోస్తున్నాయి. నేను ఆగితే, వెనక ఆకుల చప్పుడు ఒక్క అడుగు ఆలస్యంగా ఆగేది. వెనుదిరిగితే పిల్లను వదిలేసినట్టేనని నడుస్తూనే పోయాను. అప్పుడు తగిలింది గోడ.

ఏడుస్తూ వచ్చిన దారినే బయటపడ్డాను. "నీ చీనా ముచ్చట పాడుగాను!" అని అవ్వ తాతను తిట్టింది. ఆయన నవ్వలేదు. రుమాలుతో నా నుదురు కట్టి, "మర్లినవు గద, సాలు బిడ్డా" అన్నాడు.

ఇప్పటికీ ఎవరైనా వద్దంటే నుదుటి మచ్చ తడుముకుని ఒకసారి ఆగుతాను.

ఆ ఏడు చెరుకు కొట్టాక, నాకు గోడ తగిలిన చోటు చూద్దామని అందరం ఆ వరుస వెంటే వెళ్లాం. అక్కడ ఎప్పుడో పూడ్చిన పాత బావి, ఆ ఏటి వానలకు కుంగి, నేలకు సమంగా నోరు తెరుచుకుని ఉంది. అడుగున మేకపిల్ల మెడగంట దొరికింది. చుట్టుపక్కల ఎక్కడా ఒక్క ఇటుక లేదు.