కొసరు లేని కొట్టు

ఊరందరితోనూ మాట్లాడుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా బతకడం సాధ్యమేనా అని అనుమానం వచ్చినవాళ్ళకి ఆ రోజుల్లో బరంపురంలో నన్ను చూపించేవారు. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు, మీసం మాత్రం నిండిందని నా అభిప్రాయం. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన పెద్ద చౌక దుకాణంలో (మూడంతస్తులు, నా జ్ఞాపకంలో ఏటా ఒకటి చొప్పున పెరుగుతూ ఈపాటికి మబ్బుల్ని తాకింది) మైకు ముందు కూర్చుని "నేటి ప్రత్యేక తగ్గింపు" అంటూ తెలుగులోనూ ఒడియాలోనూ అరవడం నా ఉద్యోగం. చల్లటి గాజుగది, నీలం చొక్కా, మెడలో పేరు రాసిన బిళ్ళ. పొద్దుటినుంచి వేలమందిని "గౌరవనీయులైన వినియోగదారులారా" అని పిలిచేవాణ్ణి. ఒక్కరంటే ఒక్కరు తిరిగి "ఏటిరా" అని పలికేవారు కాదు. సాయంత్రం లంజిపల్లిలో నా అద్దెగదికి చేరాక, గొంతు ఇంకా నాదేనా అని చూసుకోవడానికి ఆనాటి ధరలన్నీ కిరసనాయిలు స్టవ్వుకి మళ్ళీ చదివి వినిపించేవాణ్ణి. అది శ్రద్ధగా వినేది. సబ్బుల ధర దగ్గర బుస్సుమనేది కూడా.

ఈ వనవాసానికి కారకుడు మావయ్య. పెద్దబజారులో తాతలనాటి కిరాణా కొట్టు ఆయనది. పల్లెనుంచి వచ్చి నేను చదివిందీ, తిన్నదీ, పడుకున్నదీ ఆ కొట్టు వెనకింట్లోనే. కొసరు వెయ్యడంలో ఆయనకి సాటి వర్తకుడు ఆసియాఖండంలో లేడు. కందిపప్పు తూచాక, పళ్ళెం దించబోయి ఆగి, ఇంకో గుప్పెడు తీసి, ఊరు దానమిస్తున్న మహారాజులా కొన్నవాళ్ళ కళ్ళలోకి చూసి సంచీలో వేసేవాడు. (ఆ గుప్పెడు ముందే తూకంలో తగ్గించి ఉంచుతాడేమోనని నాకో అనుమానం. పైకి అంటే నా కంచంలో కొసరు పోతుందని అనలేదు.) గుప్పెడుతోపాటు మాటలు కూడా వేసేవాడు. "మీ ఆయన దగ్గు తగ్గిందేటమ్మా?" "కోడలుపిల్ల పుట్టింటినుంచి ఒచ్చిందా?" పప్పు పావుకిలో, మాటలు పుట్టెడు.

అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి ఎదుటి శిబిరంలో చేరాను. నీలం చొక్కా తొడుక్కుని చూపించడానికి వెళ్తే, మావయ్య త్రాసు ముల్లుకేసి చూస్తూ, "ఎల్లు. బాగుపడు. ఆ సొక్కాతో నా గుమ్మం తొక్కకు. నీకూ నాకూ మాటల్లేవు," అన్నాడు. అత్తయ్య తలుపు చాటునుంచి, "బువ్వ తినేసి ఎల్లమనండి," అంది. "ఆళ్ళ కొట్లో బువ్వ కూడా సవకేనట, అక్కడే తింటాడు," అన్నాడాయన. మావయ్య మాట మానేస్తే పెద్దబజారంతా మానేసినట్టే. ఆ వారం నాకు క్షవరం కూడా మౌనంగానే జరిగింది. ప్రపంచ చరిత్రలో ఒక మంగలి నోరు మెదపకుండా జుట్టు కత్తిరించడం అదే మొదలు, అదే ఆఖరు.

నెలలు గడిచాయి. ఎండలు ముదిరాక మా మేనేజరు నూనె ధర అమాంతం తగ్గించేశాడు. (ఉత్తరాదినుంచి వచ్చినాయన. నిద్రలో కూడా టై విప్పడని వదంతి. టై సారనేవాళ్ళం. తెలుగు ముక్క రాదు.) టోకు వర్తకులు మావయ్యలాంటివాళ్ళకి వేసే ధరకన్నా మా కొట్లో చిల్లర ధరే తక్కువ. మనిషికి రెండు ప్యాకెట్లు మించి ఇవ్వరు. జనం ఋషికుల్యకి వరదొచ్చినట్టు వచ్చిపడ్డారు.

ఆ వరదలో ఒక మంకీ టోపీ తేలుతూ వచ్చింది. మే నెల. బయట కాకులు సొమ్మసిల్లుతున్నాయి. ఆ టోపీ కింద నల్లకళ్ళద్దాలు, మెడకి కండువా. గాజుగదిలోంచి చూస్తున్నాను. ఆ ఆసామీ నూనె ప్యాకెట్టుని అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. సీలు వేసిన కందిపప్పు ప్యాకెట్టుకి గోటితో చిల్లు పొడిచి, ఒక బద్ద లాగి, పంటికింద పటుక్కుమనిపించాడు. ఆ పన్ను నాకు తెలుసు.

నా గాజుగది పక్కనే ఉన్న కౌంటరు వరసలో నిలబడ్డాడు, బిల్లు కట్టాడు, కదల్లేదు. సంచీ మూతి తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బిల్లు కొట్టే పిల్ల మన గంజాం పిల్లే, రెండు భాషలూ వచ్చు. "మౌసా, హెలా," అంది, అంటే బాబాయ్, అయిపోయింది అని. ఆయన కదల్లేదు. "ఇంకేటి కావాలి మౌసా?"

"కొసరు."

వెనక వరస చిలికా దాకా పెరిగిపోయింది. తాతలనాటినుంచి ఇవ్వడమే తప్ప కొసరు లేని బేరం అనేది ఒకటుంటుందని ఆ మనిషికి నిజంగానే తెలియదనుకున్నాను. టై సారు పరుగెత్తుకొచ్చి గాజుమీద టకటకా కొట్టి, ఆయనకి మైకులో నచ్చజెప్పమని సైగ చేశాడు.

"గౌరవనీయులైన వినియోగదారులకు మనవి," అన్నాను. "ఈ దుకాణంలో కొసరు ఇచ్చే పద్ధతి లేదు. తగ్గింపు మాత్రమే కలదు."

మావయ్య నావైపు చూడలేదు, పైకప్పుకి బిగించిన స్పీకరుకేసి చూశాడు. తర్వాత ఆ పిల్లతో, "అమ్మా, ఆ మైకబ్బాయికి సెప్పు. తగ్గించేరు, సంతోషం. మరి నా కొసరు ఎవుడి సంచీలో పడతందో కూడా మైకులో సెప్పమను. అప్పడాలమ్మకి ఏటిస్తన్నారో అదీ సెప్పమను," అన్నాడు.

(అప్పడాలమ్మ మా సందులో ఆవిడ. చుట్టుపక్కల ఆడవాళ్ళతో కలిసి ఒత్తిన అప్పడాలు మావయ్య కొట్టుకి వేసేది. మొత్తం సరుకు మేమే తీసుకుంటామని ఆశపెట్టి, ఆవిడకిచ్చే ధర నెలనెలా కోస్తూ పోయాడు టై సారు. ధరతోపాటు అప్పడమూ కుంచించుకుపోయి అప్పటికి బొట్టుబిళ్ళంతయింది. దాన్ని నేను "మీ చిన్నారుల కోసం చిట్టి అప్పడాలు" అని గొంతు తీయగా చేసి ప్రకటించేవాణ్ణి.)

"అవును, సెప్పండి బాబూ," అంది వరసలోంచి ఒకావిడ. ఆవిడ చేతిలోనూ రెండు నూనె ప్యాకెట్లున్నాయి.

మైకు తెరిచే ఉంది. నెలల తర్వాత విన్న గొంతు గాజు అవతల నిలబడి ఉంది, బిల్లు చేతికొచ్చింది, ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ నాకు మిగిలేది స్టవ్వే. నోటికొచ్చింది అనేశాను, అదీ ఉద్యోగపు గొంతుతోనే. "ముఖ్య ప్రకటన. పెద్దబజారు అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉన్నది? తెలిసినవారు బిల్లు కౌంటరులో తెలియజేయగలరు."

కౌంటరన్న మాట అర్థమై టై సారు తృప్తిగా తలూపాడు. కొట్లో తెలుగువాళ్ళందరికీ మిగతాది అర్థమైంది. "ఎవరత్తయ్యండీ?" "నువ్వులనూనె కాసి రాయమను." "ఇక్కడ సవకే, రెండు తీసుకెల్లమను."

మావయ్య మెల్లిగా మంకీ టోపీ తీశాడు. లోపల తల ఉడికించిన చిలగడదుంపలా పొగలు కక్కుతోంది. "అమ్మా, సెప్పు," అన్నాడు. "ఎడంది తగ్గింది. కుడిది తగ్గలేదు. ఆదోరం బువ్వకి రమ్మంది. ఆ సొక్కా ఇప్పేసి రమ్మంది."

"మౌసా, ఇప్పుడు హెలా?"

"హెలా," అని సంచీ మూతి మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం వెళ్ళాను, తెల్లచొక్కాతో. అత్తయ్య వడ్డిస్తూ అటక చూపించింది. గోడనుంచి గోడదాకా నూనె ప్యాకెట్లు. బరంపురానికంతటికీ బూరెలు వండి, మిగిలింది భంజనగర్ పంపొచ్చు. "కొట్లో అమ్ముకోడానికనుకున్నావేటి? ఒక్కటీ అమ్మలేదురా. టోపీ ఎట్టుకుని ఎల్లడం, రెండు తేవడం, ‘ఇయ్యాల ఆడి గొంతు జీరబోయిందే’ అనడం." ముందుగదిలోంచి మావయ్య అరిచాడు, గోడతో అన్నట్టు: "ఎవుడితోనే ఆ మాటలు? నూనె మంచిది కాదు, అందుకని అమ్మలేదని సెప్పు!" కంచంలో అడక్కుండానే ఇంకో గరిటెడు పప్పు పడింది. ఆయన నాతో నేరుగా మాట్లాడ్డానికి ఇంకా చాలా కాలం పట్టింది. నేరుగా అన్న మొదటి మాట "సిక్కిపోయేవు."

ఇప్పుడు మావయ్యా లేడు, అత్తయ్యా లేదు. ఆ కొట్లో సెల్‌ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. నాకు సరుకులు ఫోనులోనే వస్తాయి, అన్నిటికన్నా చౌకగా. తెచ్చే మనిషి గుమ్మంలో నిలబడి హెల్మెట్ తియ్యకుండా "ఓటీపీ సార్" అంటాడు. కొన్ని రోజులు ఇంట్లో వినబడే మాట అదొక్కటే. నేను తొందరపడను. ఒక అంకె చెప్పి ఎండ గురించి ఆలోచిస్తాను, ఇంకోటి చెప్పి కళ్ళద్దాలు తుడుచుకుంటాను. నాలుగూ అయ్యాక, అతను వెనక్కి తిరగబోతుంటే, ఐదో అంకె కూడా చెబుతాను.

"నాలుగే సార్," అంటాడు.

"ఉంచు బాబూ," అంటాను.