ఉయ్యాల రిజిస్టరు

మా ఆఫీసులో ఉయ్యాలలు రెండు, పిల్లలు సున్నా. తొంభైల చివర్లో, మాదాపూర్ రాళ్ళ మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో, దాదాపు ఏడాది పాటు నా ఉద్యోగమంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది.

అంతకు ముందు నేను బాలానగర్‌లో ఒక పంపుల ఫ్యాక్టరీలో పర్సనెల్ ఆఫీసర్ని. అక్కడ చట్టమంటే చట్టమే. ఎంతమందికి ఎన్ని కుళాయిలుండాలో, ఉమ్మితొట్టి ఏ మూలన పెట్టాలో, గోడలకు సున్నం ఎప్పుడు వెయ్యాలో అన్నీ పుస్తకంలో ఉండేవి. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. అదే చూసి ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు నన్ను పిలిచి, హ్యూమన్ రిసోర్సెస్ మేనేజర్ అని విజిటింగ్ కార్డు కొట్టించి ఇచ్చారు. కూకట్‌పల్లిలో మా ఇంట్లో ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియలేదు. మా అత్తగారు మాత్రం, "మనుషుల్ని చూసుకోవడమా? అది ఇంట్లో ఊరికే చేస్తున్నావుగా" అన్నారు.

చేరిన మొదటి వారంలోనే ఒక ప్రశ్న నా నెత్తిన పడింది. చట్టం దృష్టిలో మేం ఏమిటి? ఫ్యాక్టరీనా, దుకాణమా? ఫ్యాక్టరీ అనడానికి మా దగ్గర యంత్రమంటే కాఫీ యంత్రం ఒక్కటే. దుకాణం అందామంటే వారానికోసారి షట్టర్ దించాలి, మాకు షట్టర్ లేదు. సర్కారు నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఈ మినహాయింపు, ఆ మినహాయింపు అంటూ కాగితాలు వస్తుండేవి. ఒక కాగితం వచ్చి ఫైల్లో పెట్టేలోపు దాన్ని సవరిస్తూ ఇంకో కాగితం వచ్చేది. చివరికి మా వకీలు విసిగిపోయి, "వాదించేకన్నా రెండు చట్టాలూ పాటించెయ్యండి మేడమ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

పాటించడమంటే నాకు పండగ. పుస్తకం తెరిచాను. ముప్పై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలి. మా దగ్గర ఆడపిల్లలు నలభై ఒక్కమంది. ఇంకేముంది, కింది అంతస్తులో ఒక గది ఖాళీ చేయించి, గోడల మీద చిలకల బొమ్మలు వేయించి, రెండు ఉయ్యాలలు, నాలుగు బుల్లి కుర్చీలు కొన్నాను. కొండాపూర్ నుంచి ఒక పెద్దావిడను ఆయాగా పెట్టాను. ఆఫీసంతా ఆమెను పెద్దమ్మ అనేది.

అన్నీ అయ్యాక తెలిసింది, ఆ నలభై ఒక్కమందిలో పెళ్ళయినవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురిలో తల్లి ఒక్కరూ లేరు. ముందే అడగొచ్చుగా అంటారేమో. చట్టంలో ఆడవాళ్ళ సంఖ్య అడిగారు గానీ పిల్లల సంఖ్య అడగలేదు.

పెద్దమ్మకు ఊరికే కూర్చుని జీతం తీసుకోవడం నామోషీ అనిపించింది. పొద్దున్నే వచ్చి ఖాళీ ఉయ్యాల ఊపుతూ కూర్చునేది. నిబంధన ప్రకారం రోజూ పాల ప్యాకెట్లు వచ్చేవి, వాటితో ప్రోగ్రామర్లకు కాఫీ కలిపేది. పిల్లల రిజిస్టరులో నేను ప్రతి సాయంత్రం, హాజరైన పిల్లలు సున్నా, తాగిన పాలు సున్నా అని రాసి సంతకం పెట్టేదాన్ని. మీటింగు గది దొరకనప్పుడు మా కుర్రాళ్ళు ఆ బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కునేవారు. ఒకసారి బెంగుళూరు నుంచి వచ్చిన క్లయింటును కూడా అక్కడే కూర్చోబెట్టారు. ఆయనకు గది చాలా నచ్చింది.

ఇలా గడుస్తుండగా తనిఖీ అధికారి నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే మంగళవారం పిల్లల గదిని "నడుస్తున్న స్థితిలో" చూస్తానని. మా డైరెక్టరుది కర్నూలు. మంచి మనిషే గానీ సర్కారు ముద్ర కనబడితే ఆయనకు బీపీ పెరుగుతుంది. ఉత్తరం పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చేశాడు.

"ఏమ్మా, ఉయ్యాలలు పెట్టినావు, ఆయాను పెట్టినావు. పిల్లోళ్ళు యాడ?"

"మనవాళ్ళకు లేరు సార్."

"లేరంటే ఎట్లమ్మా? నడస్తా ఉండల్ల అని రాసినాడు. యాడన్నా సూడు."

హ్యూమన్ రిసోర్సెస్ అంటే ఇదన్నమాట అనుకున్నాను. మా కాలనీలో నలుగురిని అడిగాను, ఒక్క పూటకు పాపనిస్తారా అని. ఒకావిడ నా మొహం మీదే తలుపేసింది. ఇంకొకావిడ, "బస్సులో అంత దూరం ఎందుకండీ, ఆయన్నే ఇక్కడికి వచ్చి చూసుకోమనండి" అంది. సోమవారం మధ్యాహ్నానికి నా దగ్గర చిలకలు తప్ప ఏమీ లేవు.

పెద్దమ్మే దారి చూపించింది. "గింత పరేషానెందుకమ్మా? పక్కన మనమే కట్టిస్తున్న బిల్డింగు కాడ మస్తుమంది పోరగాళ్ళున్నరు. జర అడిగి చూద్దాం పా."

పక్క స్థలంలో మా కంపెనీదే రెండో భవనం లేస్తోంది. రోజూ కిటికీలోంచి చూస్తున్నదే. అయినా ఆ రోజు వరకూ లోపల కాలు పెట్టలేదు. పాలమూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నెత్తిన కాంక్రీటు తట్టలతో వరసగా ఎక్కుతున్నారు. కింద సెంట్రింగు కర్రకు ఒక పాప కట్టేసి ఉంది. ఏడాదిన్నర ఉంటుందేమో. నడుముకు పాత ఎర్రచీర పేలిక, దాని రెండో కొస కర్రకు. కట్టు ఎంత పొడుగో అంత మేర గుండ్రంగా తిరుగుతూ ఇసుకలో ఆడుకుంటోంది. నాలుగడుగుల అవతల లిఫ్టు కోసం తవ్విన గుంత, దాని నిండా వాన నీళ్ళు.

తల్లి తట్ట దించి వచ్చింది. నేను అడగకముందే తనే చెప్పింది. "ఇడిస్తె గుంతల వడ్తదమ్మా. అందుకే గిట్ల కట్టిన. పోయిన నెల ఒక పోరడు వడ్డడు, గా మేస్త్రి చూసి తీసిండు గన్క బతికిండు."

రేపొక్కరోజు పాపను మా దగ్గర ఉంచుతావా, పాలు పోస్తాం అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏం జేస్తరు పిల్లను?" అని అడిగింది. పెద్దమ్మ కల్పించుకుని, "ఏం జెయ్యరు బిడ్డా, నేనుంట గద" అంది.

మంగళవారం పొద్దున ఆ పాపతో కలిపి నలుగురు పిల్లలు వచ్చారు. పెద్దమ్మ స్నానాలు చేయించింది. పాప నడుముకున్న పేలిక విప్పి, పారెయ్యకుండా ఉయ్యాలకు తాడుగా కట్టుకుంది. దాని కొస చేత్తో పట్టుకుని కూర్చున్న చోటునుంచే ఊపింది. నేను రిజిస్టరులో మొదటిసారి పేర్లు రాశాను. ఆ పని చేస్తుంటే అబద్ధం రాస్తున్నానన్న భయం వెయ్యాల్సింది. సంతోషం వేసింది.

అధికారి వచ్చాడు. చిలకల్ని చూశాడు, పాలు వాసన చూశాడు. పాప పాల గ్లాసు వదలకుండా ఆయన వైపే చూసింది. ఆయన రిజిస్టరు తిరగేసి, "ఈ పాప తల్లి ఏం పని చేస్తుంది?" అని అడిగాడు. మా డైరెక్టరు నా వైపు చూశాడు. నేను చెప్పాను, "బిల్డింగ్ సెక్షన్ సార్." ఆయన తలాడించి, నలుగురి పేర్ల కింద సంతకం పెట్టి, ముద్ర వేసి, సంతృప్తికరం అని రాసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరి మీదో అరుస్తున్నాడు. వెళ్ళి చూస్తే ఆ తల్లి, చంకలో పాప. "ఒక్కరోజన్నరు, ఎరికే. ఇది నిన్న రాత్రంతా పాలు పాలు అంటుంటె తెచ్చిన," అంది. సిగ్గుపడుతూనే అంది గానీ వెనక్కి తిరగలేదు.

డైరెక్టరు గదికి వెళ్ళాను. "పని అయిపాయె కదమ్మా, ఇంకెందుకు? అది మన స్టాఫ్ పిల్లోళ్ళకు కదా," అన్నాడు. ఆయనన్నది తప్పు కాదు. చట్టం అదే చెప్తుంది.

అలాగైతే కట్టుబడి కూలీలకు చట్టం లేదా అని పుస్తకాలు ముందేసుకున్నాను. ఉంది! కొత్తది, ఢిల్లీలో చేసింది. కట్టుబడి దగ్గర యాభై మందికి మించి ఆడవాళ్ళుంటే పిల్లలకు గది పెట్టాలని అందులో శుభ్రంగా రాసి ఉంది. ఎగిరి గంతేసినంత పనై కాంట్రాక్టరును పిలిపించాను. ఆయనది భీమవరం వైపు, నెమ్మదైన మనిషి.

"చట్టం వచ్చిందండీ, నేను కాదనను. మన రాష్ట్రం రూల్స్ ఇంకా రాలేదు కదండీ. రూల్స్ లేకుండా ఉయ్యాల ఎంత పొడుగుండాలో నాకెలా తెలుస్తుందండీ?"

"పాప ఎంత ఉందో అంత పొడుగండీ," అన్నాను. పుస్తకం ఆయన ముందుకు విసురుగా తోశాను. ఆయన నొచ్చుకుని, రూల్స్ వచ్చిన రోజే పెడతానని మాటిచ్చి వెళ్ళాడు.

చట్టం ఉన్నచోట పిల్లలు లేరు. పిల్లలున్నచోటికి చట్టం ఇంకా నడిచి రాలేదు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక ప్రహరీ గోడ. పన్నెండేళ్ళు ఈ పుస్తకాలు నెత్తిన పెట్టుకుని తిరిగినందుకు ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు పిల్లల రిజిస్టరు మొదటి పేజీ, సన్న అక్షరాల నిబంధనలు, ఎందుకో చదివాను. ఆరో నంబరు దగ్గర ఆగిపోయాను. తనిఖీ అధికారి సంతకం చేసిన పేరును ఆయన అనుమతి లేకుండా కొట్టివెయ్యరాదు. పేరున్న పిల్లకు పాలు ఆపరాదు. రిజిస్టరు తీసుకెళ్ళి డైరెక్టరు ముందు పెట్టాను.

"ఈ నలుగురూ ఇప్పుడు సర్కారు లెక్కలో ఉన్నారు సార్. తీసెయ్యాలంటే ఎందుకు తీస్తున్నామో ఆయనకు రాయాలి. నిజం రాయమంటారా?"

ఆయన ఆ ముద్ర వైపు చూశాడు. "వద్దులేమ్మా. ఉండనీ," అన్నాడు.

అలా ఆ నలుగురు ఎనిమిది నెలలు మా దగ్గర పెరిగారు. ప్రోగ్రామర్లకు బుల్లి కుర్చీలు పోయాయి, కాఫీలో పాలు తగ్గాయి. నాకు మెమో ఇవ్వాలని ఒకడు సరదాగా సంతకాలు కూడా పోగు చేశాడు. పాప పరిగెత్తడం మా కారిడార్లోనే నేర్చుకుంది. ఎక్కడిదాకా పరిగెత్తినా వెనక నుంచి లాగేది ఏదీ లేదు. మొదట్లో మాత్రం కొంత దూరం పోయి దానంతటదే ఆగిపోయి, నడుము తడుముకుని చూసుకునేది. ఆ ఆగడం మానెయ్యడానికి దానికి మూడు వారాలు పట్టింది. మేడమ్ అనడం రాక నన్ను "మేమ్మా" అనేది.

రాష్ట్రం రూల్స్ వచ్చేసరికి రెండో భవనానికి రంగులు పడుతున్నాయి. కాంట్రాక్టరు మాట తప్పలేదు. సిమెంటు షెడ్డుకు పిల్లల గది అని బోర్డు పెట్టించి, కొత్త ఉయ్యాల ఒకటి కొలతల ప్రకారం చేయించి, నాకు చూపించడానికి పిలిచాడు. చూసి వచ్చాను. అప్పటికి సైటులో మిగిలిన ఆడవాళ్ళు ఆరుగురు. యాభై దాటలేదు కనుక ఆ గది పెట్టాల్సిన అవసరం కూడా లేదని ఆయనకు చెప్పలేకపోయాను.

ఆ శనివారం ఆ తల్లి నా బల్ల దగ్గరికి వచ్చింది. మూట కట్టుకుని, పాపను ఎత్తుకుని. నార్సింగి వైపు ఇంకో మేస్త్రి దగ్గర పని దొరికిందట. రిజిస్టరు తీశాను. ఇప్పుడు పేరు కొట్టెయ్యడానికి సరైన కారణమే దొరికింది. తల్లి పని ముగిసినది, అనుమతించగలరు అని అధికారికి రాశాను. సంతోషంగా వెళ్ళిరా, అక్కడ కూడా పాపకు గది అడుగు, ఇప్పుడు రూల్స్ వచ్చాయి, గట్టిగా అడుగు అన్నాను. పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

ఆమె అన్నిటికీ తలూపింది. వెళ్ళదేం అని చూస్తే, పిల్లల గది వైపు చూస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, గా ఉయ్యాలకు కట్టిన్రు గద, ఎర్ర పేలిక. అది ఇస్తరా? ఆడ అక్కరుంటది."

నాకు అర్థమయ్యేసరికి, పక్కనే ఉన్న పెద్దమ్మకు ఎప్పుడో అర్థమైంది. వెళ్ళి ముడి విప్పింది. ఎనిమిది నెలల ముడి, చాలాసేపు పట్టింది. దులిపి, మడతపెట్టి, ఆ తల్లి చేతిలో పెట్టింది. పాప దాన్ని గుర్తుపట్టలేదు. కొత్త బట్ట అనుకుని నవ్వుతూ కొస పట్టుకుంది.