ఎర్రమూత క్వార్టరు

దయ్యాల కథలు నేను విన్నన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ విని ఉండరు. చాలా ఏళ్లుగా వైన్ షాపు కౌంటర్లో పనిచేస్తున్నాను. చెప్పేవాళ్ల నోటి వాసన తెలిసినవాణ్ణి కాబట్టి ఒక్క కథా నమ్మలేదు. నేను తాగను. ఆ రోజు కూడా తాగలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మా షాపు ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో ఉంది. దగ్గర్లో ఇంకో రెండు షాపులున్నా జనం మా దగ్గరికే వస్తారు. కారణం పెద్దదేమీ కాదు. ఎవరికేం కావాలో నేను అడగను. మనిషి మెట్టెక్కేసరికి అతని సీసా కౌంటర్ మీద ఉంటుంది. ఎక్కువైనవాడికి "చాల్లే అన్నా, ఇంటికి పో" అంటే పోతాడు. ఇళ్లల్లో ఆడవాళ్లు కూడా నన్ను తిట్టరు. దగ్గర్లోని జాలర్ల పాలెం నుంచి చెంగమ్మ ఒకసారి వచ్చి, "మా ఆయనకి రోజుకి ఒకటే ఇయ్యన్నా, రెండోది అడిగినా ఇయ్యబాక" అంది. అప్పట్నుంచి ఒకటే ఇస్తున్నాను.

ఆమె భర్త పోలయ్య. అరవైకి దగ్గర పడ్డాడు. చేపలు అమ్ముకున్నాక పదకొండుకల్లా వచ్చి, వేలి కణుపులతో కౌంటర్ మీద రెండుసార్లు కొట్టి, "ఒకటే అబ్బయా. చల్లంగా వద్దు" అంటాడు. ఎర్రమూత క్వార్టరు, చౌకరకం రమ్ము. మా షాపులో అది తాగేది ఆయనొక్కడే.

పోయిన కార్తీకం తర్వాత, వానలు తెరిపిచ్చిన ఒక రోజు, పదకొండు దాటినా పోలయ్య రాలేదు.

పదకొండున్నరకి మస్తానయ్య వచ్చాడు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు, బీరు తప్ప ఏదీ ముట్టడు. బీరు తీసి పెట్టాను. అతను దాన్ని చూడలేదు. కణుపులతో రెండుసార్లు కొట్టాడు.

"ఒకటే అబ్బయా. చల్లంగా వద్దు."

నవ్వొచ్చింది. "ఏందన్నా, ఈరోజు పోలయ్య మామ వేషమా?"

అతను నవ్వలేదు. నా భుజం మీదుగా వెనక ర్యాకు వైపే చూస్తూ, "ఎర్రమూత" అన్నాడు. ఇచ్చాను. తీసుకుని వెళ్లిపోయాడు.

పన్నెండు దాటాక, స్కూలు అటెండరుగా రిటైరైన పెద్దాయన వచ్చాడు. ఆయనది బ్రాందీ. నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. ఆయన కూడా రెండుసార్లు కొట్టాడు. అదే మాట. గొంతు ఆయనదే కానీ పళ్లు కొట్టుకుంటున్నాయి. బయట ఎండ కాస్తోంది. ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారని సర్దిచెప్పుకున్నాను.

ఒంటిగంటకి కారొకటి ఆగింది. బీచ్‌కి పోతున్న కుటుంబం. కళ్లజోడు పెట్టుకున్న ముప్పై ఐదేళ్ల మనిషి దిగాడు. అంతకుముందు ఎన్నడూ చూడలేదు. "చిల్డ్ బీర్ ఉందా బాస్?" అని అడిగాడు. ఫ్రిజ్ వైపు తిరిగాను. వెనక చప్పుడు. రెండుసార్లు.

తిరిగి చూశాను. ఆయన మెడ వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. ముక్కుతో ఎగపీలుస్తున్నాడు.

"ఒకటే... అబ్బయా..."

మిగతా మాట రాలేదు. నోట్లోకి ఏదో పోకుండా ఆపుతున్నట్టు పెదాలు బిగించేశాడు.

పోలయ్యకేదో అయిందని అప్పుడు తట్టింది. ఆ మనిషి అక్కడ నిలబడి ఉండగానే పక్క తలుపులోంచి బయటపడి పాలెం వైపు బండి తీశాను. షాపుకి తాళం కూడా వెయ్యలేదు.

చెంగమ్మ ఇంటి ముందే ఉంది. "ఇంకా రాలేదన్నా. తూము కాడ చిక్కుకున్న వల తీసుకొస్తానని తెల్లారగట్ల పోయినాడు. ఏమైందన్నా?"

"పోదాం పామ్మా" అన్నాను.

పాలెంలో నలుగురిని కేకేసుకుని పరిగెత్తాం. కాలవ సముద్రంలో కలిసే చోట పాత తూము కూలి రాళ్లు పడి ఉన్నాయి. పోటు ఎక్కుతోంది. నీళ్ల మీద పోలయ్య ముఖం ఒక్కటే కనిపించింది. మెడ వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి ఉన్నాడు.

ఎడమ పాదం రాయి కింద ఇరుక్కుంది. ఇద్దరు మునిగి గడ్డపారతో రాయి కదిలించారు. మనిషి దక్కాడు. నెల్లూరు ఆస్పత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు.

మర్నాడు మస్తానయ్య ఎర్రమూత సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. సీలు తియ్యలేదు. "ఇది నా సంచిలోకి ఎట్టా వచ్చిందబ్బా?" అన్నాడు. షాపుకి వచ్చినట్టే అతనికి గుర్తులేదు. గుచ్చి గుచ్చి అడిగితే నెమ్మదిగా చెప్పాడు. "గట్టు మీద నిలబడినోణ్ణి నిలబడినట్టే నీళ్లల్లో ఉన్నా. నడుం దాకా. కాలు రాదు. దాని మీద పీత పాకతా ఉంది."

పోలయ్య సంగతి అప్పటికే ఊరంతా తెలుసు కాబట్టి, అది విని ఏదో ఊహించుకున్నాడని నాకు నేను చెప్పుకున్నాను. రెండు వారాల తర్వాత పోలయ్య కర్ర పట్టుకుని షాపుకొచ్చాడు. నేనేమీ అడగలేదు. ఇరుక్కున్న కాలి మీద పీత పాకుతుంటే విదిలించుకోలేకపోయానని ఆయనే చెప్పాడు.

"ఇల్లు తలుచుకుందామంటే గుర్తుకు రాలేదబ్బయా. నీ కౌంటరే కళ్లముందుకొచ్చింది. చెంగమ్మతో చెప్పబాక." కర్ర కౌంటరుకి ఆనించి అన్నాడు, "మూడుసార్లు వచ్చినా నీకాడికి. మూడోసారికి గానీ నువ్వు కదల్లా."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అటెండరుగారు ఇప్పుడు వేరే షాపుకి పోతున్నారు. దారిలో కనబడితే తప్పుకుంటారు.

పోలయ్య ఎలా వచ్చాడన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. మస్తానయ్య నీళ్ల పక్కనే పుట్టి పెరిగినవాడు, అదీ నడుం దాకానే చూశాడు. ఒంటిగంటకి ఆ నీళ్లు పెదాల దాకా వచ్చాయని కారులోంచి దిగినాయన ముఖంలోనే చూశాను. ఆయనకి అది ఏ ఊరో, అది ఎవరి కాలో కూడా తెలిసి ఉండదు. అలాంటివాణ్ణి వదిలేసి వచ్చాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి కారు లేదు.

ఆ కుటుంబం తర్వాత బీచ్‌కి వెళ్లిందో, వెనక్కి తిరిగిందో తెలియదు. ఇప్పటికీ షాపు ముందు ఏ కారు ఆగినా, ముందు దిగే మనిషి ముఖం చూస్తాను. ఆయన మళ్లీ రాలేదు. వస్తే ఏం చెప్పాలో నాకు తెలియదు.